నెత్తురు గడ్డకట్టు గుణము – గుండె జబ్బు



కూర తరుగుచుండగా కత్తిపీట తగిలి వ్రేలు తెగినచో, కొంతసేపు అదిమి పట్టుకొనినంతనే నెత్తురు నిలిచిపోవును. దీనిని మనము సామాన్యముగా నెంచుదుము. కాని యా కొలది నిమిషములలో పదికి మించిన మాంసకృత్తులు ఒకదానినొకటి మేలుకొలిపి, చెరువుగండి పూడ్చు కూలీలవలె గాయమును కప్పుచున్నవి. వీనిని గడ్డకట్టించు అంశములందురు. వీనిలో పెక్కింటిని తయారుచేయునది కాలేయము. చేయవలసిన తీరును తెలుపునవి తలిదండ్రులవలన వచ్చిన జన్యువులు. కావుననే అందరి నెత్తురును ఒకే విధమున గడ్డకట్టదు.

అట్లయిన, సులభముగా గడ్డకట్టు నెత్తురు గలవారికి గుండెజబ్బు తప్పదా? నెదర్లాండ్సులోని లీడెను పట్టణమున తేలిన రెండు సంగతులు దీనికి సమాధానము చెప్పుచున్నవి.

1993లో స్వీడను దేశపు మాల్మో పట్టణమున డాల్‌బాక్ అను వైద్యుడు, గడ్డకట్టుటను ఆపు సహజమైన కళ్లెమునకు లొంగని నెత్తురును గుర్తించెను. మరుసటి యేడు లీడెను శాస్త్రజ్ఞులు కారణము చూపిరి: ఐదవ అంశపు జన్యువులో ఒక్క అక్షరము మారినది! ఐరోపావారిలో నూటికి సుమారు ఐదుగురికి ఈ మార్పు కలదు. కాలి సిరలో గడ్డ పుట్టు అపాయము వీరికి అనేక రెట్లు హెచ్చు. గర్భముగాని, ఈస్ట్రోజెనుగల గర్భనిరోధపు మాత్రలుగాని తోడైనచో అది ఇంకను పెరుగును. కాని గుండెపోటు అపాయము మాత్రము స్వల్పముగనే పెరుగును. ఏలయన, గుండె ధమనిలోని గడ్డ సాధారణముగా ఏండ్లతరబడి పేరుకొనిన కొవ్వుపూత పగిలినచోట పుట్టును.

రెండవ సంగతి తల్లులకు సంబంధించినది. హీమోఫీలియా యను వ్యాధిలో ఎనిమిదవ లేక తొమ్మిదవ అంశము కొరవడి నెత్తురు త్వరగా నిలువదు. జన్యువు తల్లినుండి వచ్చుటచే, కుమారుని వ్యాధికి ఆమెనే నిందించువారు కలరు. ఇట్టి తల్లులు వేయిమందికి పైగా నెదర్లాండ్సున పరిశీలింపబడిరి. వారిలో గుండెజబ్బు మరణములు ఇతర స్త్రీలకంటె సుమారు మూడవవంతు తక్కువయని 2003లో ప్రకటింపబడినది. ప్రసవమున నెత్తురు ఎక్కువపోవు భయమున్నను, ఆ జన్యువే గుండెకు కొంత కాపుదల యైనది. ఎవరును కోరి తెచ్చుకొనని దానికి నింద యెందులకు?

లీడెను మార్పు మన దేశమున అరుదు. అయినను గడ్డకట్టుటను ఆపు ఇతర మాంసకృత్తుల లోపముగల కుటుంబములు ఇచ్చటను కలవు. కావున మీ పుట్టింట ఎవరికైన చిన్నవయసున కాలిలోగాని ఊపిరితిత్తులలోగాని గడ్డకట్టినదా, పన్ను ఊడబెరికినప్పుడు నెత్తురు ఆగలేదా యని పెద్దలనడిగి తెలిసికొనుడు. గర్భము ధరించినప్పుడును, మాత్రలకును శస్త్రచికిత్సకును ముందును ఆ మాట వైద్యునికి చెప్పుడు. బిడ్డల విషయమున మెట్టినింటి సంగతియు అడుగవలయును.

ఇక గుండెకు ముఖ్య శత్రువులు పొగాకు, రక్తపు పోటు, మధుమేహము, నెత్తురులో మితిమీరిన కొలెస్టరాలు. జన్యువును మార్చుట మన చేతిలో లేదు. వీనిని అదుపున నుంచుట చాలవరకు మన చేతిలోనిదే.