ఏనుగును చూసేదానికి ముదుమలై దాకా పోవాల్నా?



దసరా సెలవుల్లో మన సంఘం తరపున కార్లలో బండీపురం, ముదుమలై, ఊటీ తిరిగి వచ్చే ఏర్పాటు జరుగుతా ఉండాది. పన్నెండు కార్లు, నాలుగు రోజులు, రెండు సఫారీలు, మసినగుడిలో ఒక రాత్రి బస. మన గ్రూపులో పెట్టిన కాగితంలో "ఏనుగులు గ్యారంటీ" అని కూడా రాసినారు. ఎవర్నీ పోవద్దని చెప్పేదానికి నేను రాయలేదు. అడివి చూడాలనే ఆశ మంచి ఆశే. కానీ ఆ కాగితంలో ఉండే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉండాది. పొడుగ్గా రాస్తా ఉండాను, చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మొదటి మాట రఘు గురించి. తెప్పకాడు ఏనుగుల శిబిరంలో మనవాళ్ళు ఫోటో తీసుకోవాలని ఆశపడేది ఆ ఏనుగుతోనే. "ది ఎలిఫెంట్ విస్పరర్స్" అనే డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చింది, అందులో బొమ్మన్, బెళ్ళి దంపతులు పెంచిన పిల్ల ఏనుగు అదే. సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మన సంఘంలో చానామంది. కానీ ఆ రఘు ఏ ఊరి బిడ్డో అడిగితే ఎంతమంది చెప్తారు? 2017లో మన హోసూరు అటవీ డివిజన్లో, డెంకణికోట వైపు, తల్లి లేకుండా దొరికిన పిల్ల అది. తల్లి కరెంటు తగిలి చచ్చిపోయింది. అంటే మన జిల్లాలో కరెంటు తీగ ఒక తల్లిని చంపింది, ఆ బిడ్డను నీలగిరిలో పెంచినారు. ఇప్పుడు మనం 250 కిలోమీటర్ల పైన డీజిలు కాల్చి, ఆ అనాథను చూసి "ఎంత ముద్దుగా ఉండాడో" అని వస్తాము. దోవలో డెంకణికోట అడివి వైపు తల తిప్పి కూడా చూడము.

ఇంకొకటి గుర్తు చేస్తాను. 2023 మార్చి 7న ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర, చేని చుట్టూ దొంగతనంగా కట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయినాయి. రెండు పిల్లలు మిగిలినాయి. మారండహళ్ళి మనకు దూరమేం కాదు, హోసూరు నుండి సేలం పోయే రైలు లైనులో ఉండే స్టేషనే. అదే నెల 12న బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభం చేసినారు. 13వ తేదీ తెల్లారి ఆస్కార్ వార్త వచ్చింది. ఒక్క వారం! చావు మన పక్కన, రోడ్డు మన కోసం, పండగ టీవీలో. ఆ వారంలో మనం రోడ్డు గురించి మాట్లాడుకున్నాము, ఆస్కార్ గురించి మాట్లాడుకున్నాము. మారండహళ్ళి గురించి మన సంఘంలో ఒక తీర్మానం రాలేదు.

మన చుట్టూ అడివి లేదా? లెక్క చూద్దాం. బెంగళూరు పక్కనే బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం, 1974లో ప్రకటించినారు, ఇప్పుడు సుమారు 260 చదరపు కిలోమీటర్లు. దానికి ఆనుకొని మన తళి, జవళగిరి, డెంకణికోట, అంచెట్టి అడవులు. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 504 చదరపు కిలోమీటర్లు. 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం, 686 చదరపు కిలోమీటర్లు. ఏటా వానలు తగ్గి రాగి చేలు కంకి పట్టే వేళకు బన్నేరుఘట్ట నుండి ఏనుగుల గుంపులు జవళగిరి మీదుగా దిగి వస్తాయి. కొన్ని సానమావు అడివి దాకా వచ్చి, హైవే దాటి శూలగిరి వైపు కూడా పోతాయి. ఏనుగులు గ్యారంటీగా ఉండే తావు మనదే అయ్యా! టికెట్టు లేదు కాబట్టి మనకు విలువ లేదు.

నేను బళ్ళో చదివింది తమిళం. తమిళంలో ఈ రాకపోకను "వలసై" అంటారు. మన ఇంట్లో "వలస" అంటాము. మాట ఒకటే. అయితే మనం ఇప్పుడు ఏనుగు వలసను "చొరబాటు" అని పిలుస్తా ఉండాము. పేపర్లో "ఊర్లోకి చొరబడిన ఏనుగులు" అని వేస్తే తలకాయ ఊపుతాము. ఇది వాటి పాత దోవ. ఈ దోవలోనే 1980 దశకంలో కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు వైపు పోయినాయి. వాటి కోసమే ఆంధ్రాలో 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టినారు. ఈ పొద్దుకీ ఆడ రైతుకు, ఏనుగుకు తగువే. 2025 మేలో కర్ణాటక నుండి నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రా ప్రభుత్వం తెచ్చుకుందంటే ఆ తగువు ఎంత ముదిరిందో చూసుకోండి.

మన సంఘం ఏ మీటింగులో చూసినా 1956లో గీసిన గీత గురించి మాట్లాడతాము. గీత మన మాటను, మన బడిని, మన బంధుత్వాన్ని కోసిందని చెప్తాము. నిజమే చెప్తాము. అడగకుండా గీసిన గీత ఎంత నొప్పో తెలిసినవాళ్ళం మనం. మరి మూడు రాష్ట్రాల మధ్య నడిచే ఏనుగు దోవ మీద లేఔటు, కంచె, రోడ్డు పడినప్పుడు మనకే అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

సరే, ఇప్పుడు కాగితంలో ఉండే తీరు చూద్దాం.

"రాత్రి 8.45 లోపల చెక్‌పోస్టు దాటాల" అని రాసినారు. ఎందుకంటే బండీపురంలో రాత్రి 9 నుండి పొద్దున 6 దాకా రాకపోకలు నిషేధం. ఇది 2009లో వచ్చింది. రోడ్డు మీద బండ్ల కింద పడి జంతువులు చచ్చిపోతా ఉంటే చామరాజనగర జిల్లా యంత్రాంగం ఆపింది, మళ్ళా కర్ణాటక హైకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆంబులెన్సుకు అడ్డం లేదు, లెక్కపెట్టిన కొన్ని బస్సులకు అడ్డం లేదు. అట్లాంటి గేటును మనం ఎట్లా చూస్తా ఉండాము? పరీక్ష హాలు తలుపు మూసే లోపల దూరాల్సిన మాదిరి! 8.45కు చెక్‌పోస్టు దాటాలని పన్నెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తితే, ఆ గడియలో దోవ దాటే జింక గతి ఏమి? రూలు పుట్టిన కారణాన్ని కాలితో తొక్కి రూలును మాత్రం పాటించినామని చెప్పుకుంటాము.

నేను ముప్పై ఏళ్ళకు పైన రైల్వేలో గుమాస్తాగా చేసినవాణ్ణి. రైలు నడిపే మనిషికి కాషన్ ఆర్డర్ అని ఒక కాగితం ఇస్తారు. ఈ కిలోమీటరు నుండి ఈ కిలోమీటరు దాకా ఇంత వేగం మించకూడదు అని అందులో ఉంటుంది. చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. వెయ్యిమంది ప్రయాణికులు లేటు అయినా సరే, ఆ కాగితం కాగితమే. ఏనుగులు దాటే తావుల్లో కూడా అట్లా వేగం తగ్గిస్తారు. కోయంబత్తూరు పక్కన మదుక్కరైలో 2024 నుండి పట్టాల దగ్గరికి ఏనుగు వస్తే కెమెరాలు కనిపెట్టి ముందే తెలిపే ఏర్పాటు చేసినారు. అంత పెద్ద రైలు ఏనుగు కోసం నెమ్మదిస్తుంది. ఐదుమంది కూర్చునే కారు నెమ్మదించలేదా? కారు నడిపేవాడి దగ్గర ఎవరూ సంతకం తీసుకోరు, అంతే తేడా.

దాని తర్వాత "దోవలో ఏనుగు కనిపిస్తే ఫోటో స్టాప్" అని ఉండాది. అడివి రోడ్డులో బండి ఆపేది, దిగేది తప్పు అని ఆడ ప్రతి బోర్డూ చెప్తుంది. 2025 ఆగస్టులో బండీపురం రోడ్డు మీద ఏనుగు పక్కన ఫోటో తీసుకోబోయిన మనిషిని ఆ ఏనుగు తరిమి కింద పడేసింది. ప్రాణం మిగిలింది, 25,000 రూపాయలు జరిమానా పడింది. ఆ వీడియో మన గ్రూపులోనే నవ్వుతా పంచుకున్నారు. ఇక తిండి పెట్టే సంగతి. సత్యమంగళం అడివిలో హాసనూరు దగ్గర చెరుకు లారీల కోసం ఏనుగులు రోడ్డు మీద కాచుకొని నిలబడేది అందరూ చూసిందే. ఎవరు నేర్పినారు వాటికి? లారీ పైనుండి చెరుకు విసిరినవాళ్ళు నేర్పినారు, కారు కిటికీలో నుండి అరటిపండు చాచినవాళ్ళు నేర్పినారు. అట్లా మరిగిన ఏనుగు రేపు ఊర్లోకి వస్తే దానికి "రౌడీ" అని పేరు పెట్టి గొలుసు వేస్తారు.

మన పిల్లలు చానామంది అమెరికాలో ఉండారు. ఆడ యెల్లోస్టోన్ పోయి ఫోటోలు పంపుతారు. 1872లో పెట్టిన ఉద్యానం అది. అడవిదున్నకు 25 గజాలు, ఎలుగుకు, తోడేలుకు 100 గజాలు దూరం ఉండాలని ఆడ రూలు. "అప్పయ్యా, ఈడ చానా స్ట్రిక్ట్" అని గొప్పగా చెప్తారు. అదే పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు బండీపురంలో కారు పైకప్పు తెరిచి నిలబడి కేకలు పెడతారు. చట్టం ఈడ లేదా? ఉండాది. మనకే భయం లేదు, సిగ్గూ లేదు.

మసినగుడిలో రాత్రి బస గురించి. ఆ పక్కనే సేగూరు ఏనుగుల దోవ ఉండాది. ఆ దోవలో రిసార్టులు కట్టినారని కేసు నడిచి, 2020 అక్టోబరులో సుప్రీం కోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది, దోవ ఏనుగులదే అనింది. మూడు నెలలు తిరక్కుండా, 2021 జనవరిలో, మసినగుడిలో బస చేసే ఒక తావు దగ్గరికి వచ్చిన ఏనుగు మీద మండే టైరు విసిరినారు. అది చెవుల్లో పుండు పడి చచ్చింది. కాబట్టి రూము బుక్ చేసే ముందు అడగండి: ఆ కట్టడం ఏ భూమిలో ఉండాది, అనుమతి ఉండాదా అని. "వ్యూ బాగుంది" అనేది జవాబు కాదు.

"మీరు ఇట్లా రాస్తే టూరిజం మీద బతికే ఆదివాసీల కడుపు కొట్టినట్టు కాదా?" అని ఒక తమ్ముడు అడుగుతాడు, నాకు తెలుసు. కాదు తమ్ముడూ. అటవీ శాఖ సఫారీ బండి ఎక్కు, ఆడ మనుషులు కట్టే టీ తాగు, వాళ్ళు అమ్మే తేనె కొను. ఆ డబ్బు వాళ్ళకు పోతుంది. సొంత కారులో సొంత తిండితో పోయి, ప్లాస్టిక్ ఆడ పారేసి, బెంగళూరు యజమాని రిసార్టులో పడుకుంటే ఆదివాసీకి దక్కేది చెత్త ఏరే కూలి.

ఇంకొక ప్రశ్న దీనికన్నా బరువైనది. అంచెట్టి వైపు రైతు ఒకడు నన్ను అడిగినాడు: "ఏనుగును అంత ప్రేమించేవాళ్ళు మీ చేలో నిలబెట్టుకోండి సామీ." ఈ మాటకు వెటకారంగా జవాబు చెప్పకూడదు. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. ఒక గుంపు ఒక్క రాత్రి దిగితే ఎకరా రాగులు పోతాయి, ఆరు నెలల కష్టం పోతుంది, కావలి కాసే మనిషి ప్రాణం కూడా పోతుంది. ఈ భారమంతా ఆ రైతు మోస్తాడు. మనం మాత్రం ఏనుగును ఫోటోలో మోస్తాము. అతను కోపంతో నేరుగా కరెంటు తగిలిస్తే అది నేరమే, దానికి మాఫీ లేదు. ఆ తీగ ఏనుగును చంపుతుంది, పక్క చేని పిల్లవాణ్ణీ చంపుతుంది. సోలార్ కంచె వేరు. అందులో కరెంటు గడియకొక దెబ్బలాగా వచ్చి పోతుంది, జంకిస్తుంది గాని చంపదు. కానీ అది పెట్టి, దాని కింద గడ్డి కోసి, బ్యాటరీ చూసుకునేదానికి డబ్బు కావాల. కర్ణాటకలో పాత రైలు పట్టాలతో అడ్డం కడతా ఉండారు. అది కూడా పూర్తి మందు కాదు, 2018 డిసెంబరులో నాగరహొళెలో ఒక ఏనుగు దాన్ని దాటబోయి ఇరుక్కొని చచ్చింది. కాబట్టి రైతుకు సకాలంలో నష్టపరిహారం ఇవ్వకుండా, సరైన కంచె లేకుండా, "ఏనుగును కాపాడండి" అని అతనికి నీతి చెప్పే హక్కు మనకు లేదు.

మనలో ప్లాట్లు అమ్మేవాళ్ళు కూడా ఉండారు, వాళ్ళనూ అడుగుతాను. బన్నేరుఘట్ట చుట్టూ కాపుదల మండలం 2016 ముసాయిదాలో దగ్గర దగ్గర 269 చదరపు కిలోమీటర్లు. 2020లో ఖాయం చేసినప్పుడు 169కి దిగింది. ఆ నూరు ఎవరి కోసం తగ్గింది? రాగి రైతు కోసమా, "ఫారెస్ట్ వ్యూ" అని బోర్డు పెట్టే లేఔటు కోసమా? అడివి అంచున ఇల్లు కట్టి, గేటు దగ్గరికి ఏనుగు వస్తే ఫారెస్టు వాళ్ళకు ఫోను చేసి అరిచేది ఏమి న్యాయం?

వచ్చే మీటింగులో నేను పెట్టబోయే తీర్మానం ఇది.

ఒకటి: పన్నెండు కార్లు వద్దు, ఒక్క బస్సు చాలు. నీలగిరికి రోజుకు 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000 అని 2025లో కోర్టు హద్దు పెట్టిందంటే ఆ కొండ ఎంత అలిసిపోయిందో తెలుసుకోవాల.

రెండు: అడివి రోడ్డును పట్టపగలే దాటాల. ఆపేది లేదు, దిగేది లేదు, హారను లేదు, తిండి విసిరేది లేదు. ఎక్కే ముందు అందరి దగ్గరా సంతకం తీసుకుందాం. మన కాషన్ ఆర్డర్!

మూడు: బస ఏనుగు దోవకు బయటే.

నాలుగు: నాలుగు రోజుల్లో ఒక రోజు జవళగిరి, డెంకణికోట రైతులకు ఇవ్వాల. వాళ్ళు చెప్పేది కూర్చొని వినాల. వాలిపోయిన కరెంటు తీగలు యాడ ఉండాయో, పరిహారం ఎన్నాళ్ళుగా నిలిచిపోయిందో రాసుకొని అటవీ శాఖకు, కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టాల. తమిళంలో నేను రాస్తాను. ఆఫీసు అర్జీలు ఎట్లా రాస్తే కదులుతాయో నాకు తెలుసు.

దీనికి ఒప్పుకుంటే మొదటి టికెట్టు డబ్బు నేను కడతాను. ఒప్పుకోకుండా కార్లలోనే పోతామంటే పోండి, కానీ బండికి ముందర మన సంఘం బ్యానరు కట్టొద్దండి.