బొంతపల్లి మందు ధర ఎవరి చేతిలో?

హైదరాబాద్ నుండి నర్సాపూర్ మీదుగా మెదక్ చర్చికి వెళ్లే విశ్వాసులకు బొంతపల్లి కమాన్ పరిచయమే. లోపలికి వెళితే మందుల ముడిసరుకు తయారయ్యే పరిశ్రమలు. అమెరికా సుంకాల వార్త వచ్చినప్పుడల్లా ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఒకటే ప్రశ్న: కంపెనీ ఉంటుందా, పోతుందా?

భారత సరుకులపై 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన సుంకం నుండి మందులను మినహాయించారు. సెప్టెంబరు 25న ట్రంప్ ప్రకటించిన 100 శాతం సుంకం కూడా పేటెంటు ఉన్న, బ్రాండెడ్ మందులకే గాని జనరిక్ మందులకు కాదు. ఇందులో మన మీద దయ ఏమీ లేదు. అమెరికాలో డాక్టర్లు రాసే పది చీటీల్లో దాదాపు తొమ్మిదింటికి ఇచ్చేది జనరిక్ మందే. సుంకం వేస్తే ముందు మూలిగేది అక్కడి రోగి.

కాబట్టి సుంకం కంటే ధర గురించి ఎక్కువ ఆలోచించాలని మేము అనుకుంటున్నాము. ఈ పరిశ్రమ పుట్టిందే చవకగా చేయగల నేర్పు మీద. బాలానగర్‌లోని ఐడీపీఎల్ రసాయన శాస్త్రజ్ఞులను తయారు చేసింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక దాన్ని చేసే పద్ధతికే పేటెంటు అంది. వేరే పద్ధతి కనుక్కున్నవాడికి దారి దొరికింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1993లో మొదలైన హెటిరోకు బొంతపల్లిలోనే యూనిట్ ఉంది. ఎయిడ్స్ మందులు పేద దేశాలకు అందే ధరకు దిగిరావడంలో మన కంపెనీల పాత్ర చిన్నది కాదు. దానికి కృతజ్ఞతగా ఉండాలి.

కానీ ఒకే మందును పదిమంది చేస్తే పోటీ ధర మీదే. అమెరికాలో జనరిక్ మందుల కొనుగోలు చాలావరకు మూడు పెద్ద కూటముల చేతిలో ఉంది. వారు ధర తగ్గించమంటే ఇక్కడివారు ఎక్కడ తగ్గించాలి? అనేక ముడి రసాయనాలు చైనా నుండి రావాలి, ఆ ధర మన చేతిలో లేదు. ఆ ఆధారం తగ్గించడానికే కేంద్రం 2020లో 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. కాకినాడ దగ్గర పెన్సిలిన్ జీ పరిశ్రమ వచ్చింది. చైనా ధర తగ్గించినప్పుడు ఇలాంటివి తట్టుకోవడం ఇంకా కష్టమే. ఇక మిగిలేవి కూలి, భద్రత, వ్యర్థజలాల శుద్ధి. అందరూ వీటిలోనే కోత పెడతారని మేము అనడం లేదు, ఒత్తిడి మాత్రం అటే తోస్తుంది.

నీటి సంగతి పాతదే. నక్కవాగు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ! అలాంటి నీటిలో పెరిగే క్రిములకు మందు అలవాటైపోతుంది. అప్పుడు చవక మందు కొనుక్కున్న పేదవాడికే అది పనిచేయదు. ఈ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు.

2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రల్లో కలిపే పొడి తయారయ్యే పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చినవారు. కొందరి శరీరాలు కూడా ఇంటివారికి దక్కలేదు.

ఈ వాడల్లో షిఫ్టులు చేసేవారు మన సంఘాల్లో ఉన్నారు. చాలామంది కాంట్రాక్టు మనుషులు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్డు చేతికి వచ్చిందా, పేరు సరిగ్గా ఉందా, కాంట్రాక్టరు నిజంగా డబ్బు కడుతున్నాడా అని వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఒక్కొక్కరినీ అడగాలి. గుడి బయట నిలబడే ఒడియా కుర్రాడినీ అడగాలి.