పేకముక్కలతో కెప్టెన్ నెమో

సెలవుల్లో మన ముద్ఖేడ్ పిల్లలచేత విక్టోరియా కాలపు కథానాయకుల రోల్‌ప్లేయింగ్ ఆట ఆడించాలంటే ఏ పద్ధతి మేలు? 'కాల్ ఆఫ్ కథుల్హు' గొప్పదే, కానీ అందులో భయానిదే పైచేయి, నాయకుడికి మతి పోతుంది. నా ఓటు 1994 నాటి 'కాసిల్ ఫాల్కెన్‌స్టైన్'కే. పాచికలు అక్కర్లేదు, పేకముక్కలు చాలు: కళావరు బలానికి, డైమను బుద్ధికి, ఆఠీను మనసుకు, ఇస్పేటు పరపతికి.

పేక అనగానే పెద్దలు ముఖం చిట్లిస్తారు. పందెం లేనిది జూదమెలా అవుతుంది?

ఒక్కటే షరతు: అందరూ షెర్లాక్ హోమ్స్ కావద్దు. జూల్ వెర్న్ సృష్టించిన నెమో బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, 1857లో ఆంగ్లేయులపై తిరగబడ్డవాడు. ఆ వేషం మన పిల్లలు తెలుగులోనే కట్టాలి. బడిలో మరాఠీ, ఫోన్లో హిందీ. నోరారా తెలుగు మాట్లాడే చోటు ఆటలోనైనా ఉండొద్దా? మీరేమంటారు?