కంకర బాటలు, కొండ గూడెములు

కొన్ని సంవత్సరములుగా మన యువజనులలో ఒక నూతన వినోదము ప్రబలుచున్నది. తారు రోడ్డును విడిచి, అడవికొండలలోని కంకర బాటలపై సైకిలు తొక్కుచు దూరప్రయాణములు చేయుటయే ఆ వినోదము. ఇందుకై ప్రత్యేకముగా చేసిన గ్రావెల్ సైకిళ్లు పట్టణములలో అమ్ముడగుచున్నవి. మా పై తరగతుల విద్యార్థులు కొందరు సెలవులలో అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతములకు పోవలెనని ఉబలాటపడుచున్నారు. వారి తల్లిదండ్రులు పంపుటయా, మానుటయా యని సందేహించుచున్నారు. ఈ విషయమున మా అభిప్రాయమును దాచక చెప్పుట మేలని తలచితిమి. పిల్లలు పోవలసినదే. కాని ఆ బాట తమ వినోదము కొరకు వేసినది కాదని తెలిసి పోవలెను. తమ సంతోషము కొరకు అది ఎల్లప్పుడును కంకర బాటగనే యుండవలెనని కోరరాదు.

ముందుగా ఈ సైకిలు సంగతి చెప్పెదము. చూచుటకు ఇది పందెపు సైకిలువలెనే వంపు తిరిగిన హ్యాండిలు గలిగియుండును. కాని దీని టైర్లు అంతకంటె వెడల్పు. 40 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. అందు గాలి కొంత తక్కువగా నింపుదురు. అప్పుడు టైరు రాతిపై ఎగిరిపడక, దాని ఆకారమునకు లొంగి, నేలను పట్టుకొనును. ఎత్తు ఎక్కుటకు తేలికయైన గేర్లును, బురదలో సైతము బాగుగా పనిచేయు డిస్కు బ్రేకులును ఉండును.

పేరు కొత్తదైనను పని పాతదే. 1897లో అమెరికా సైన్యపు 25వ పదాతి దళమునకు చెందిన నల్లజాతి సైనికులు, మోంటానా రాష్ట్రమందలి మిజూలా నుండి సెయింట్ లూయిస్ నగరము వరకు దాదాపు 1,900 మైళ్లు సైకిళ్లపై పోయిరి. ఇటీవలి కాలమున, 2006లో, కాన్సస్ రాష్ట్రపు ఎంపోరియాలో కంకర బాటలపై 200 మైళ్ల పందెము ఆరంభమయ్యెను. 2022లో ఇటలీ దేశమున ఈ క్రీడకు మొదటి ప్రపంచ పోటీ జరిగెను.

అమెరికా పడమటి కొండలలో ఇట్టి అడవి బాటలు పెక్కు కలప తరలించుటకై వేయబడినవి. వానిపై చాల దూరము పోయినను ఒక యిల్లైనను కనబడని తావులు కలవు. అచ్చట బాట తారు లేక పడియుండినచో ఎవరికిని గొప్ప నష్టము లేదు. మన తూర్పు కనుమలు అట్టివి కావు. ఇచ్చట ప్రతి మలుపునకును ఒక గూడెము. ప్రతి గూడెమునకును ఒక బాట. ఈ భేదమును మరచి, పరదేశపు క్రీడను మన కొండలపైకి ఉన్నదున్నట్లు తెచ్చుట తగదు.

విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరు ఘాటు దారియు, నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లి పోవు దారియు తారు వేసినవే. అరకు లోయ సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. చలికాలపు ఆరంభమున వలిసె పూలతో ఆ పొలములు పచ్చగా మెరయును. సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీ తోటలు, ఆ చెట్లనే అల్లుకొన్న మిరియపు తీగెలు కన్నుల పండువుగా నుండును. ఈ పెద్ద దారుల నుండి గూడెములకు చీలిన మట్టిబాటలు, కంకర బాటలు సైకిలు యాత్రికునకు స్వర్గముగా తోచును. ఆ గూడెములవారికి అవి ఎట్లు తోచునో విచారింపవలదా?

ఆ కొండలలో దారులకు పాత కథ యొకటి కలదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో పోడు సేద్యమునకు, వంటచెరకునకు, మేపునకు అడ్డంకులు కలిగినవి. పిమ్మట గూడెం ప్రాంతమున ఘాటు దారి వేయించునప్పుడు గిరిజనులచేత బలవంతముగా, చాలీచాలని కూలికి పని చేయించిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరుగుటకు గల కారణములలో ఈ రెండును ముఖ్యమైనవి. అనగా, తమ రెక్కలతో వేసిన దారిపై ఇతరులు సుఖముగా పోవుటను ఆ ప్రజలు ఏనాడో చూచియున్నారు. నేడు మనము అట్టి యితరులము కాకుండుట మన చేతిలోనున్నది.

నేటికిని బండి పోలేని గూడెములు కలవు. అచ్చట నొప్పులు పడుచున్న గర్భిణిని ఒక కఱ్ఱకు కట్టిన గుడ్డలో పరుండబెట్టి, ఇద్దరు మగవారు భుజములపై మోసికొని, అంబులెన్సు ఆగు చోటికి నడచి వచ్చెదరు. దీనినే డోలీ యందురు. వానకాలమున గెడ్డ పొంగినచో ఆ డోలియు దాటలేదు. సైకిలు చక్రము క్రింద కరకరలాడి మనకు ఉల్లాసము కలిగించు రాయియే, డోలీ మోయువాని అరికాలిని కోయుచున్నది.

“తారు వేసినచో కొండ అందము చెడును, కలప దొంగలకు దారి యేర్పడును” అని కొందరందురు. రెండవ మాటలో నిజము లేకపోలేదు. అందుచేతనే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము, అడవి భూమిని వేఱొక పనికి వాడుటకు కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెనన్నది. కాని 2006 నాటి అటవీ హక్కుల చట్టము, గ్రామసభ సిఫారసుపై, ఒక్కొక్క పనికి హెక్టారుకు తక్కువ భూమిలో, హెక్టారునకు 75 చెట్లకు మించి నరకకుండ, రోడ్డు, బడి, వైద్యశాల మున్నగువానికి వీలు కల్పించినది. కావున రోడ్డు కావలెనో వలదో చెప్పవలసినవారు ఆ గూడెమువారు. ఒక్క ఆదివారము వచ్చి పోవు సైకిలువానికి ఆ తీర్పులో పాలు లేదు.

అట్లయిన పోకుండుటయే మంచిదందురా? కాదని మా దృఢాభిప్రాయము. మోటారు బండిలో పోవువాడు కొండను అద్దము వెనుక నుండి చూచును. సైకిలువాడు దాహమైన నీరడుగును, దారి తప్పిన దారి యడుగును, చక్రము పంచరైన నీడకు కూర్చుండును. ఇట్లు అడుగుటవలన మనుష్యుడు మనుష్యునకు తెలియును. భూగోళ పాఠమున చదివిన కొండ వాలు, వాగు, పంట, సంత అన్నియు పిల్లలకు ప్రత్యక్షమగును.

కాని పోవువారు కొన్ని నియమములు పాటింపవలెను. వానలు వెనుకబడిన పిమ్మటనే బయలుదేరవలెను. పెద్దవారు ఒకరైనను తోడుండవలెను. రిజర్వు అడవిలోనికి అనుమతి లేక పోరాదు. పంపు, ట్యూబులు, పంచరు సామాను, నీరు తమవెంట నుంచుకొనవలెను. వాలు దిగునప్పుడు మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను. కంకరపై మలుపులో బ్రేకు గట్టిగా పట్టినవాడు తప్పక జారును. నెత్తిన మోపుతో సంతకు పోవు స్త్రీలు ఎదురైనప్పుడు సైకిలు దిగి దారి యీయవలెను. అడుగకుండ ఎవరి ఫోటోయు తీయరాదు. తినుటకు కావలసినది అచ్చటనే కొని, తగిన వెల యీయవలెను. తాము తెచ్చిన ప్లాస్టిక్కు తామే తిరిగి తీసికొని పోవలెను.

మరియొక పని కూడ చేయవచ్చును. కొట్టుకొనిపోయిన కల్వర్టు గాని, తెగిపోయిన బాట గాని కనబడినచో, గూడెము పెద్దలతో మాటలాడి, వారు కోరినచో ఆ సంగతిని అధికారులకు వ్రాసి పంపవలెను. అక్షరములు నేర్చినందుకు అది మన కనీస ధర్మము.

మన పిల్లలు మెచ్చిన కంకర బాటపై ఒకానొక సంవత్సరము తారు పడవచ్చును. ఆనాడు వారు “అయ్యో, బాట పోయినదే” యని చింతింపక, “ఇక ఈ గూడెమునకు అంబులెన్సు వచ్చును గదా” యని సంతసించి, వేఱొక బాటను వెదకికొనగలిగినచో, వారికి సైకిలు కొనిచ్చిన తల్లిదండ్రుల సొమ్ము వ్యర్థము కాలేదని మేము చెప్పగలము.