ఇరవై ఏళ్లు ముట్టుకోని నట్టు

కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగుతున్నాం. డ్రైవింగ్ నేను, పక్కన నాన్న, వెనక సీట్లో ప్రసాదం డబ్బా పట్టుకుని అమ్మ. ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ తడి స్పాంజిలా లోపలికి వెళ్లిపోయింది. కారు మాత్రం ఆగలేదు. మళ్లీ తొక్కా, సగమే పట్టింది. సెకండ్ గేరు, ఆ తర్వాత ఫస్టు, మెల్లగా హ్యాండ్ బ్రేకు... ఎలాగో కొండ వైపు అంచుకి ఆపగలిగా. అమ్మ "ఏమైందిరా?" అంది. "ఏం లేదమ్మా, వ్యూ బాగుందని" అన్నా. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

అరగంట ఆగాక పెడల్ దానంతటదే గట్టిపడింది. నాకు అసలు భయం వేసింది అప్పుడే. దానంతటదే మాయమయ్యే బగ్ ఎంత ప్రమాదమో సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు కదా!

ఆ కారు 2003 మోడల్ ఫియట్ పాలియో 1.6. ఇప్పటి పిల్లలకి పేరు కూడా తెలియకపోవచ్చు. సచిన్ తెందూల్కర్ ప్రచారం చేసిన కారు. రోడ్ల నిండా మారుతి 800లు తిరిగే రోజుల్లో, ఇంత చిన్న కారులో 1.6 లీటర్ల ఇంజిన్, వంద హార్స్‌పవర్. పుస్తకాల లెక్కలో స్పోర్ట్స్ కారు కాదేమో గానీ, గుంటూరులో మా వీధికి మాత్రం అదే ఫెరారీ. పెట్రోలు తాగుద్దని ఎవరూ కొనని రోజుల్లో, మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మా నాన్న సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొన్నాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క దుబారా అది.

"ఇంక చాలురా, తుక్కుకి ఇచ్చేద్దాం" అన్నాడు ఆ రాత్రి. అన్నాక అన్నం సరిగ్గా తినలేదు.

పేరు బ్రేక్ ఆయిల్, కానీ ఆయిల్ కాదు

కొండ మీద జరిగింది ఇదీ. మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసేది బ్రేక్ ఫ్లూయిడ్. మన మెకానిక్కులందరూ బ్రేక్ ఆయిల్ అంటారు, నేనూ అదే అంటా. కానీ అది ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు. దానికో గుణం ఉంది: గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అదే నీరు బాగా చేరాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4 అయితే 230, 155. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ స్పాంజి అయ్యింది. చల్లారాక బుడగలు మళ్లీ నీళ్లయ్యాయి, పెడల్ గట్టిపడింది.

ఇందులో నా తప్పూ ఉంది. గేరు దించి ఇంజిన్ మీద దిగాల్సింది పోయి, కొండ పైనుంచి బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగాను. ఫ్లూయిడ్‌ని రెండేళ్లకోసారి మార్చడం మంచిది. మేం ఎప్పుడు మార్చామని నాన్నని అడిగితే, "తగ్గినప్పుడల్లా పోయిస్తున్నాం కదరా" అన్నాడు. పోయించడం వేరు, మార్చడం వేరు. పాతదాన్ని బయటకి పంపాలంటే ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న ద్వారం తెరవాలి. దాన్నే బ్లీడర్ నిపుల్ అంటారు. (పేరు విని నవ్వుకుంటే నవ్వుకోండి, ఇక్కడ మా నాన్న ప్రాణం పోతోంది.) చిటికెన వేలంత కూడా ఉండని, మధ్యలో బోలుగా ఉండే మర. పైన చిన్న రబ్బరు టోపీ.

మా కారుకి నాలుగు నిపుల్స్. వాటి మీద ఒక్క టోపీ కూడా లేదు. ఆ రంధ్రాల్లోంచి ఇన్నేళ్లూ వాన నీళ్లు, బురద, మిర్చి యార్డు దుమ్ము అన్నీ లోపలికి వెళ్లాయి. మరలు తుప్పుతో పట్టేశాయి. పదిహేనేళ్లు దాటాక ఆర్సీ రెన్యువల్ చేయించాం, రంగు వేయించాం, సీటు కవర్లు మార్చాం. వీటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

"అట్టా లాగితే విరిగిద్ది బాబూ"

మొదట ఒక షాపుకి తీసుకెళ్లా. అక్కడి కుర్రాడు వెనక కుడి చక్రం దగ్గర మామూలు ఓపెన్ స్పానర్ పెట్టి బలం కొద్దీ లాగాడు. నిపుల్ తిరగలేదు, దాని మూలలే అరిగి గుండ్రమయ్యాయి. "అన్నీ మార్చాలి సార్, పాతిక వేలు అయిద్ది. ఈ బండికి సామాను దొరకడం కూడా కష్టం" అన్నాడు. నాన్న నా వైపు చూడకుండా, "చెప్పాగా" అన్నట్టు తలూపాడు.

నాకు రోషం వచ్చి ఆటోనగర్‌లో పాత మేస్త్రి ఒకాయన దగ్గరికి వెళ్లాం. ఆయన కారు కింద టార్చి వేసి చూసి, స్పానర్ ముట్టుకోకుండానే లేచాడు. "ఇది బోలు మర బాబూ. చివర అడ్డంగా ఇంకో రంధ్రం ఉంటది. అక్కడే బలం తక్కువ. అట్టా లాగితే విరిగిద్ది. మూడు రోజులు ఆగి రండి" అన్నాడు.

ఆ మూడు రోజులకి ఆయన ఇచ్చిన హోంవర్కు: వైరు బ్రష్‌తో మర చుట్టూ మట్టి, తుప్పు గోకాలి. పొద్దున, సాయంత్రం తుప్పు వదిలించే స్ప్రే రెండు చుక్కలు కొట్టాలి. బ్రేక్ ప్యాడ్ల మీద, డ్రమ్ములోకి ఒక్క చుక్క కూడా పోకూడదు. కొట్టాక చిన్న సుత్తితో నెత్తిన మెల్లగా తట్టాలి, ఆ అదురుకి స్ప్రే మరల్లోకి దిగుతుంది. నేను ఆఫీసు కాల్స్‌లో ఉంటే ఆ పని నాన్న చేశాడు. పూజకి ముందొకసారి, టీవీ వార్తలకి ముందొకసారి, తులసి మొక్కకి నీళ్లు పోసినంత శ్రద్ధగా. మూడో రోజు నుంచి తుక్కు మాట ఎత్తలేదు.

"గ్యాస్ టార్చి పెడితే త్వరగా రాదా?" అని మేస్త్రిని అడిగా. "లోపల రబ్బరు సీళ్లున్నాయి, బ్రేక్ ఆయిల్ అంటుకుంటది కూడా. చక్రం మీద ఉండగా మంట పెట్టకూడదు" అన్నాడు. జాకీ మీద మాత్రమే కాకుండా కింద స్టాండ్లు పెట్టి, ఆరు మూలల సాకెట్ తీశాడు. పన్నెండు మూలలదైతే జారి మూలలు తినేస్తుందట. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాడు. ఆ తర్వాత విప్పే వైపు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. "కిర్ర్" అని సన్నగా చప్పుడు. మొదటిది వచ్చింది. నాన్న మొహం చూడాలి మీరు!

మూడు అలాగే వచ్చాయి. నాలుగోది, షాపు కుర్రాడు మూలలు అరగదీసింది, మొరాయించింది. మేస్త్రి దాని రంధ్రంలో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్ కాడ దూర్చి, నలిగిపోకుండా చేసి, వైస్ గ్రిప్‌తో పట్టుకున్నాడు. కాస్త కదిలినట్టే కదిలి, టప్పున విరిగింది. "డ్రిల్ చేసి కొత్త మర కొట్టిస్తే?" అన్నా. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకెక్కడైనా సర్దుకుంటాం బాబూ, బ్రేకు దగ్గర సర్దుకోం." విజయవాడ ఆటోనగర్ వెళ్లి ఆ ఒక్క చక్రానికి కొత్త వీల్ సిలిండర్ తెచ్చుకున్నాం. పాతిక వేల దగ్గర మొదలైన లెక్క మూడు వేల లోపే ముగిసింది.

తొక్కు... పట్టుకో... వదులు

తర్వాత పాత ఫ్లూయిడ్ తీయడం. సీట్లో నాన్న, కింద నేను, పక్కన మేస్త్రి. నిపుల్‌కి సన్న గొట్టం, గొట్టం చివర సీసా. "తొక్కు" అంటే తొక్కాలి. "పట్టుకో" అంటే అలాగే ఉంచాలి. నేను నిపుల్ విప్పి, ద్రవం వచ్చాక బిగిస్తా. అప్పుడే "వదులు". నేను బిగించకముందే నాన్న కాలు తీస్తే గాలి వెనక్కి పీల్చుకుంటుంది, చేసిందంతా వృథా. పైన డబ్బా ఖాళీ అయినా అంతే.

ఇంజినీరింగ్ అయ్యాక మా నాన్నా నేనూ ఇంతసేపు ఒకరి మాట ఒకరం విన్నది ఆ రోజే. మొదట వచ్చింది డికాక్షన్ రంగులో ఉంది. పదిహేను, ఇరవై సార్లు తొక్కాక పల్చటి తేనె రంగు. బుడగలు ఆగాయి. చివర్న మేస్త్రి నిపుల్స్‌ని మణికట్టు బలంతోనే బిగించి, నాలుగింటికీ కొత్త రబ్బరు టోపీలు పెట్టాడు. "రెండేళ్లకోసారి విప్పుతా ఉంటే ఇది ఎప్పుడూ పట్టేయదు" అన్నాడు.

మా ఆఫీసులో ఒక పాత కోడ్ ఉంది. "పని చేస్తోంది కదా, ముట్టుకోకు" అని ఏళ్లుగా అందరం దాని పక్కనుంచి నడిచిపోతాం. ఇప్పుడు దాన్ని చూస్తే నాకు ఆ టోపీ లేని నిపుల్సే గుర్తొస్తున్నాయి. ముట్టుకోనంత మాత్రాన బాగున్నట్టు కాదు.

పోయిన ఆదివారం మళ్లీ కోటప్పకొండ వెళ్లాం. ముందు మా వీధిలో, తర్వాత ఖాళీ రోడ్డు మీద మెల్లగా పరీక్షించాకే. ఈసారి నాన్న నడిపాడు. సెకండ్ గేరులో దిగుతూ, ఆ మలుపు దగ్గర ఒకసారి బ్రేకు తొక్కి చూసుకుని, ఏమీ అనకుండా రేడియో సౌండు పెంచాడు.

మీకు కారు లేకపోవచ్చు. మీ బైకు ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు ఉంటే, ఆ కాలిపర్ మీదా ఇదే నిపుల్ ఉంటుంది. టోపీ ఉందో లేదో ఇవాళే చూడండి. విప్పడం రాకపోతే తెలిసిన మేస్త్రి చేతే విప్పించండి. అలాగే ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: "నాన్నా, బండికి బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?" "తగ్గినప్పుడల్లా పోయిస్తున్నాం కదరా" అన్నారంటే, ఈ వారాంతం మీరు ఊరెళ్లాల్సిందే.