శవాసనంలో నిద్రపోతే తప్పేమిటి?



మొన్నటి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు సూటిగా అడిగారు: "మేడమ్, మావాడు యోగా క్లాసులో నిద్రపోతున్నాడట. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పాపకి చక్రాసనానికి మెడల్ వచ్చింది. ఇక్కడ మీరేం నేర్పుతున్నారు?" ఫీజు కట్టే తండ్రిగా ఆయన అడగడం న్యాయమే. జవాబు మీ అందరికీ చెప్పాలనిపించింది.

నన్ను యోగా దగ్గరికి తెచ్చింది నడుంనొప్పి. మాదాపూర్‌లో ఆరేళ్లు నైట్ షిఫ్టులు చేశాను. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. మా గురువుగారు మొదటి నెలంతా వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి గమనించమన్నారు. "ఇదా యోగా?" అని విసుక్కున్నాను. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. నొప్పి తగ్గింది ఆ తర్వాతే.

టీచర్‌నయ్యాక ఆ పాఠం నేనే మరిచాను. ఒక యోగా దినోత్సవం ప్రదర్శన కోసం, పశ్చిమోత్తానాసనంలో ఉన్న పాప వీపు మీద చెయ్యివేసి ఇంకాస్త వంచాను. పాప ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నా క్లాసు టైముకి కడుపునొప్పి అనేది. ఆ తర్వాత ఏ పిల్లనీ, పిల్లాడినీ నెట్టలేదు.

బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో నీరసించిపోయిన పిల్లవాడు. తర్వాత ఆయనే దిమ్మెలు, బెల్టులు, కుర్చీలు పెట్టి, ఆసనాన్ని మనిషి ఒంటికి తగ్గట్టు మలిచారు. 15వ శతాబ్దపు 'హఠయోగ ప్రదీపిక' వివరించిన 15 ఆసనాల్లో శవాసనం ఒకటి. అది అలసట తీర్చి మనసుకు విశ్రాంతినిస్తుందని అందులో ఉంది. అంటే విశ్రాంతి కూడా పాఠమే.

మన పిల్లల్లో కొందరు నల్లగండ్ల, కొండాపూర్ వైపు నుంచి ఉదయం ఆరున్నరకే బస్సెక్కుతారు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" అంటే, "అమ్మ కాల్ అయ్యాక" అంటారు. అలాంటి పిల్లలు కళ్లు మూసుకోగానే నిద్రపోతే, ముందు ఆలోచించాల్సింది వాళ్ల రాత్రుల గురించి.

జూన్ 21న వేదిక మీద ఆసనాలు వేయాలనుకునే పిల్లలకు సంతోషంగా నేర్పుతాను. కానీ వారానికి రెండు పీరియడ్లయినా మార్కులు, మెడళ్లు లేకుండా ఉండనివ్వండి. ఇంట్లో మీరూ ఒక పని చేయండి. పడుకునే ముందు ఫోన్లన్నీ హాల్లో పెట్టి, పిల్లల పక్కన ఐదు నిమిషాలు మీరూ వెల్లకిలా పడుకోండి. మాటలొద్దు.

ఆ బాబు ఇప్పటికీ క్లాసులో నిద్రపోతాడు. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు పాదం తట్టి లేపుతాను. లేచి నవ్వుతాడు.

– మీ పిల్లల యోగా టీచర్