కాలేజీలో ఒక గది, ఒక నర్సమ్మ

డిసెంబరు 1వ తేదీ వచ్చిందంటే మన ఊళ్ళలో కాలేజీ పిల్లలు ఎర్ర రిబ్బను గుచ్చుకుని ర్యాలీ తీస్తారు. ప్రిన్సిపాల్ గారు జెండా ఊపుతారు, పేపర్లో ఫొటో పడుతుంది. చాలా డిగ్రీ కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఉన్నాయి, మంచిదే. కాని డిసెంబరు 2న ఒక కుర్రవాడికి మూత్రంలో మంట మొదలైతే, ఒక అమ్మాయికి నెల తప్పితే, ఆ ఆవరణలో ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

చాలాచోట్ల జవాబు గోడల మీదే దొరుకుతుంది. బస్టాండు నుంచి రైలు పట్టాల దాకా గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం అన్న రాతలే. నిద్రలో వీర్యం పోవడం ఆ వయసులో సహజమనీ, దానివల్ల నరాలు బలహీనపడవనీ ఒక్కరు ముందే చెప్పి ఉంటే ఆ కుర్రవాడు పరీక్ష ఫీజు డబ్బు తీసుకెళ్ళి లాడ్జి వైద్యుడి చేతిలో పొయ్యడు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మెడికల్ షాపులో చీటీ లేకుండా గర్భం పోయే మాత్రలు కొని హాస్టల్ గదిలో మింగితే, కొందరికి రక్తం ఆగదు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. గర్భస్రావం విషయంలో మన సంఘాల విశ్వాసం అందరికీ తెలిసిందే, దాన్ని నేనిక్కడ చర్చకు పెట్టడం లేదు. కాని రక్తస్రావంతో ఉన్న పిల్ల మనకు భయపడి ఆసుపత్రికి రాకపోతే, ఆ తప్పు పిల్లది మాత్రమే కాదు.

"చెబితే నేర్పినట్టే గదా డాక్టరు గారూ" అంటారు కొందరు పెద్దలు. 2007లో కౌమార విద్య పాఠాలను మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు ఆపివేసినప్పుడూ ఈ మాటే వినిపించింది. తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే పిల్లల చేతిలో ఫోను ఉన్న రోజులివి. మనం చెప్పకపోతే తెలియకుండా ఉండదు, తప్పుగా తెలుస్తుంది. పవిత్రత గురించి మందిరంలో తప్పకుండా బోధించాలి. ఆ బోధ విన్న పిల్ల కూడా అత్యాచారానికి గురికావచ్చు, విన్న కుర్రవాడు కూడా తప్పటడుగు వేయవచ్చు. సమరయ స్త్రీ చరిత్ర అంతా ఎరిగే ప్రభువు ఆమెతో బావి దగ్గర మాట్లాడాడు.

పెద్ద ఖర్చేమీ లేదు. తలుపు మూసుకునే ఒక గది, వారానికి రెండు పూటలు ఒక నర్సమ్మ చాలు. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసిటిసి కేంద్రంలో హెచ్ఐవి పరీక్ష ఉచితమనీ, సోకిన కొత్తలో పరీక్షలో బయటపడకపోవచ్చు గనుక మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలనీ ఆమె చెప్పాలి. అత్యాచారం జరిగితే 72 గంటలలోపు మందులు మొదలుపెడితే హెచ్ఐవిని అడ్డుకునే అవకాశం ఉంది. ఆ గడువు దాటకముందే పంపాలి. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్కులు, ఫోనులో అడగదలచినవారికి ఖర్చులేని 1097 నంబరు ఉన్నాయి. 2017 నాటి హెచ్ఐవి చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, హెచ్ఐవి ఉందని చదువు మాన్పించకూడదు. మన క్రైస్తవ కాలేజీల యాజమాన్యాలకూ ఇది వర్తిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి 18 ఏళ్ళు నిండవు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ వయసువారితో లైంగిక సంబంధం నేరం; తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. అందుకని వైద్యం దగ్గరకే రాని పిల్లలున్నారు. గర్భస్రావానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కొంత ఊరట. ఏమైనా నర్సమ్మ ఈ సంగతి మొదటే విప్పి చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి తప్పితే ఆ గది గడప మరెవరూ తొక్కరు.

ఈసారి తల్లిదండ్రుల మీటింగుకు వెళ్ళినప్పుడు మార్కులు, ఫీజుల మాట అయ్యాక ప్రిన్సిపాల్ గారిని ఇది కూడా అడగండి: "మా పిల్ల సిగ్గుపడకుండా తన ఒంటి సంగతి చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరున్నారండీ?"